లోయ వైపు చక్రం

గోలియా కొండ మీది మన వంటగది నుంచి,
ఏప్రిల్ 16, 1984, సోమవారం.

నా మిలాదిన్‌కు,

నీ దోబ్రిల బోలెడంత ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అత్తయ్య, నెవెన్క, నేను, రెండు ఆవులు, షారుల్య అందరం కులాసా. ఆ అల్జీరియా ఎండలో, ఆ రేకుల గదిలో నువ్వు కూడా కులాసాగా ఉన్నావనీ, మీరు కడుతున్న ఆనకట్ట గోడ నీ మాట వింటోందనీ తలుస్తాను.

క్షేమ సమాచారంలో షారుల్య పేరు చూసి నీ కనుబొమలు పైకి లేచే ఉంటాయి. అవును, కారు అమ్మలేదు. ఉత్తరం బల్ల మీద కొట్టకు, చదువు. చప్పుడు దొరికింది! మూడు నెలలుగా నన్నూ, మన పెళ్ళి పెద్ద కూమ్ స్రేతెన్‌నూ పిచ్చివాళ్ళను చేసి ఆడించిన ఆ బ్రేకుల చప్పుడు దొరికింది మిలాదిన్! శనివారం పొద్దుటి నుంచి ఈ మాట నీకు చెప్పకుండా ఎలా ఉన్నానో నాకే తెలియదు. పోస్టాఫీసుకు వెళ్ళి టెలిఫోను చేద్దామంటే అక్కడి పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు, సాయంత్రానికి కొండంతా తెలిసిపోతుంది. అందుకని కాగితం పట్టుకున్నాను. అది ఏమిటో, ఎక్కడ ఉందో మాత్రం ఇప్పుడే చెప్పను. నువ్వు ఉత్తరాలు చివరి నుంచి చదువుతావని నాకు తెలుసు, అందుకే చివర్లో కూడా పెట్టలేదు. బుద్ధిగా వరసలో చదువుకో.

ముందు నీ ప్రశ్నలు. అత్తయ్య మోకాలు రేడియో కంటే నయం. బుధవారం వాన పడుతుందన్నది, బుధవారమే పడింది. నువ్వు పంపిన పూతమందు రాసుకోవడం లేదు. అలమారులో పెట్టి, వచ్చినవాళ్ళకల్లా చూపిస్తోంది: "మావాడు ఆఫ్రికా నుంచి పంపాడు." మామయ్య నాటి పాత సారాయి ఎంత మిగిలిందని అడిగావు. నేను ముట్టుకోలేదు. అత్తయ్య మోకాలికి పట్టిస్తోంది, ఆ మోకాలు బాగానే తాగుతోంది. ఆల్‌బుఖారా చెట్లు తెల్లగా విరబూశాయి, మంచు దెబ్బ తగల్లేదు, థూ థూ, నా దిష్టే తగలకూడదు. నెవెన్కకు ముందు పళ్ళు రెండూ ఊడాయి. మొన్న లాజరు శనివారం నాడు మెడలో చిన్న గంట కట్టుకుని, చేతిలో విల్లో కొమ్మ పట్టుకుని పిల్లలతో చర్చి చుట్టూ తిరిగింది. బడి పిల్లలు చర్చికి వెళ్తే పైకి రాసి పంపాల్సిన వాళ్ళ టీచరమ్మ ఎదురుపడి, చూడనట్టు ఆకాశం వైపు చూసుకుంటూ వెళ్ళిపోయింది. మంచి మనిషి.

ఇంకో సంగతి. మన పెళ్ళికి మా పిన్ని ఇచ్చిన వడ్డించే పెద్ద చెంచా ఉంది చూడు, దాని కాడ వంగిపోయింది. ఫిబ్రవరిలో చూశాను. నెవెన్కే వంచిందని ఒక దెబ్బ వేశాను. "నేను కాదమ్మా" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ దెబ్బ ఇప్పుడు నాకు తగులుతోంది.

ఉద్యోగం ఎలా ఉందన్నావు. మిలాదిన్, ఈ కొండ మీద పద్దెనిమిది మంది పసిపిల్లలు ఇప్పుడు నా పెత్తనం కింద ఉన్నారు! ఇల్లిల్లూ తిరిగి బాలింతలను చూస్తాను, బొడ్డు చూస్తాను, తూకం వేస్తాను, కోడలికి గంజి పోయని అత్తలను నాలుగు దులుపుతాను. అన్నీ బస్సు వెళ్ళని చోట్లే. డాక్టరుగారు మొహం మీదే చెప్పాడు: "జూను దాకా చూస్తాం దోబ్రిలా. బండి ఉంటేనే ఈ పని నీది. లేదంటే మళ్ళీ ఆఫీసులో కార్డులు రాసుకోవడమే." పదేళ్ళు రాశాను ఆ కార్డులు. నర్సు చదువు చదివి గుమాస్తా పని చేశాను. ఇప్పుడు నా చేతుల్లో నిజం పిల్లలు ఏడుస్తున్నారు. దీన్ని పోగొట్టుకోవడం నా వల్ల కాదు.

అందుకే నీ కిందటి ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మనసులో కూడా మాట్లాడలేదు. "మే ఆరు, జుర్జెవ్ పండగ లోపల ఆ చప్పుడు పోకపోతే కారు పక్క ఊరి బడి పంతులుకు ఇచ్చెయ్. తొమ్మిది మలుపుల రోడ్డు మీద బ్రేకులతో ఆటలొద్దు. మా నాన్న చాలడా?" అని రాశావు. కోపం వచ్చింది గానీ తప్పు పట్టలేకపోయాను. మామయ్య కలప బండి ఆరో మలుపు దగ్గర బ్రేకు దిమ్మ విరిగి లోయలోకి వెళ్ళి పద్నాలుగేళ్ళయింది. ఇప్పటికీ అక్కడికి రాగానే శిలువ గుర్తు వేసుకుంటాను. "రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టు, దేవుడు అర్థం చేసుకుంటాడు" అని స్రేతెన్ తిడతాడు.

ఇక చప్పుడు. అది మొదలైంది జనవరిలో, ఏడో తేదీన మన క్రిస్మస్ అయిన వారానికి. పండగ రోజు సంగతి అప్పుడే రాశాను: అందరం తలో చెయ్యి వేసి రొట్టె తుంచాం, ఎవరి ముక్కలోనూ అదృష్టపు నాణెం లేదు. "పిండిలో నా చేత్తోనే పెట్టాను" అంది అత్తయ్య. ఎవరు మింగారో అని నవ్వుకున్నాం గానీ నాకు ముద్ద దిగలేదు. నువ్వు అంత దూరాన ఉన్న ఏడు, ఇంటి అదృష్టం ఎవరికీ దక్కకుండా పోవడమా? సరిగ్గా ఆ వారమే షారుల్య పాట మొదలుపెట్టింది.

పెద్ద చప్పుడేం కాదు. మలుపు దగ్గర బ్రేకు తొక్కుతాను, కారు నెమ్మదిస్తుంది, కుడి వైపు ముందు నుంచి టింగ్... టింగ్... టింగ్. మలుపు దాటి వేగం అందుకోగానే మాయం. ఎవరిని అడిగినా ఏమంటారు? బ్రేకులంటారు. నేనూ అదే అన్నాను, స్రేతెన్ కూడా అదే అన్నాడు. జనవరి చివర్లో కారును తన కొట్టంలోకి ఎక్కించి, చక్రం మూత స్క్రూడ్రైవరుతో పెకలించి పక్కన పడేసి, చక్రం విప్పి చూశాడు.

"పోస్టుమాను నీకు కారు అమ్మాడు గానీ ప్యాడ్లు తన దగ్గరే ఉంచుకున్నట్టున్నాడు. అరిగి ఆకుల్లా ఉన్నాయి. కొత్తవి వేస్తే నోరు మూసుకుంటుంది చూడు."

మూసుకుంది. రెండు వారాలు కిక్కురుమనలేదు. తర్వాత ఒక సోమవారం పొద్దున మొదటి మలుపులోనే టింగ్. మార్చిలో మళ్ళీ వెళ్ళాను. ఈసారి పిన్నులు ఎండిపోయాయన్నాడు, గ్రీజు పెట్టాడు, ప్యాడ్ల అంచులు ఆకురాయితో రుద్దాడు, లోపలి రేకు డిస్కుకు తగులుతోందేమో అని దాన్నీ కాస్త వెనక్కి వంచాడు. తొమ్మిది రోజులు హాయి. పదో రోజు టింగ్.

అప్పుడు నేనొక పాడు పని చేశాను. స్రేతెన్ కొట్టంలోకి వెళ్ళి, అతని భార్య మిలుంక ఎదురుగానే అనేశాను. "కూమ్, చేతకాకపోతే చేతకాదని చెప్పు. సగం సగం బాగుచేసి నన్ను తిప్పుకోకు."

మన పెళ్ళికి పక్కన నిలబడినవాణ్ణి, మన పిల్లకు పేరు పెట్టినవాణ్ణి అన్నాను ఆ మాట. స్రేతెన్ స్పానరు కింద పెట్టి, చేతులు కడుక్కుని, లోపలికి వెళ్ళిపోయాడు. మిలుంక తెచ్చిన కాఫీ అలాగే చల్లారిపోయింది. ఇంటికొచ్చి ఆవు పక్కన కూర్చుని ఏడ్చాను. మన అమ్మమ్మల కాలంలో అయితే కూమ్‌ను అవమానించిన ఇంటికి పిడుగు పడుతుందనేవాళ్ళు.

ఏప్రిల్ ఎనిమిదిన పంతులుగారు కారు చూడటానికి వచ్చాడు. నువ్వు చెప్పావని పిలిచాను, అది గుర్తుంచుకో. తనే నడుపుతానన్నాడు. మొదటి మలుపులో టింగుమంది, మొహం మాడింది. రెండో మలుపులో టింగుమంది, కారు ఆపి దిగి, "వాకింగ్ ఆరోగ్యానికి మంచిదమ్మా" అని కాలినడకన ఊరికి వెళ్ళిపోయాడు. నేను పైకి బాధపడినట్టు మొహం పెట్టి, లోపల గంతులేశాను. కానీ ఆ రాత్రి లెక్క చూసుకుంటే జుర్జెవ్ పండగ నాలుగు వారాలే.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదువు. బుధవారం వానలో తడిసి ఇంటికి వచ్చాను. ఎప్పటిలాగే చిక్కుడు గింజల చారు పొగలు కక్కుతూ బల్ల మీద ఉంది. నేను నాలుగింటికి వచ్చినా అంతే, ఏడింటికి వచ్చినా అంతే. జనవరి నుంచీ చూస్తున్నాను. ఊరికే అడిగాను.

"నేను వచ్చే వేళ మీకెలా తెలుస్తుంది అత్తయ్యా?"

"వినపడతావుగా. ఆఖరి ఎత్తు ఎక్కుతుంటే టింగు టింగుమంటావు. అప్పుడు గిన్నె పొయ్యి మీదకి జరుపుతా."

చెంచా నోట్లోనే ఉండిపోయింది మిలాదిన్! ఎత్తు! ఎత్తెక్కేటప్పుడు బ్రేకు ఎవరు తొక్కుతారు? నాకేమో మొదటి గేరులో ఇంజను గోల తప్ప ఇంకేమీ వినపడదు. ఇంట్లో కిటికీ దగ్గర కూర్చున్నావిడకు వినపడింది. లేచి ఆవిడ తల మీద ముద్దు పెట్టాను. ఆవిడ మొహం అదోలా అయింది. "పాలు పితకాలి" అని వెళ్ళిపోయింది. అప్పటికే పితికేశామని నాకు తర్వాత గుర్తొచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం ఒక సంచీ వాల్‌నట్లు పట్టుకుని స్రేతెన్ గుమ్మంలో నిలబడ్డాను.

"కూమ్, నా నోరు కోసి పారెయ్, కానీ ముందు ఈ మాట విను. అది ఎత్తు ఎక్కేటప్పుడు కూడా మోగుతోంది."

స్రేతెన్ మొహం ఇంకా గంటు పెట్టుకునే ఉంది. కానీ చెవులు మాత్రం మెకానిక్ చెవులు.

"ఎత్తెక్కేటప్పుడా? బ్రేకు తొక్కకుండానా?"

"తొక్కకుండానే."

"మరి ఇన్నాళ్ళూ బ్రేకు తొక్కితేనే మోగుతోందని నా బుర్ర తిన్నావు!"

"బ్రేకు తొక్కితే ఏమవుతుంది? కారు నెమ్మదిస్తుంది. అది బ్రేకుకు కాదు కూమ్, నెమ్మదికి మోగుతోంది!"

వాల్‌నట్ల సంచీ లాక్కుని మిలుంక చేతిలో పెట్టి, "పద" అన్నాడు.

రంపపు మిల్లు ముందు చదును రోడ్డు ఉంది కదా, అక్కడికి తీసుకెళ్ళాం. కాస్త వేగం అందుకుని గేరు న్యూట్రల్‌లో వేసి, రెండు కాళ్ళూ సీటు మీద ముడుచుకుని కూర్చున్నాను, బ్రేకు తగలకుండా. కారు దానంతట అదే నెమ్మదించింది. స్పీడు ముల్లు పదికి దిగింది. టింగ్... టింగ్... టింగ్! ఇద్దరం ఒకేసారి కేక పెట్టాం. తర్వాత స్రేతెన్ కుడి చక్రం మీద సుద్దముక్కతో గీత గీశాడు. నేను మనిషి నడిచే వేగంతో పోనిస్తుంటే, అతను నడుం విల్లులా వంచి, చెవి చక్రానికి ఆనించినంత పని చేసి పక్కనే నడిచాడు. మిల్లు పనివాళ్ళంతా బయటికి వచ్చేశారు.

"ఏమంటోంది స్రేతెన్? నీకు మనసిచ్చిందా?"

"మెల్లగా అడగరా, ఆడపిల్ల, సిగ్గుపడుతుంది!"

స్రేతెన్ తల ఎత్తలేదు. "ఒక్క చుట్టుకు ఒక్క టింగు! గీత పైకి రాగానే టింగు!" అని అరిచాడు. లేచి నిలబడి, నడుం పట్టుకుని, నాకు విడమరిచి చెప్పాడు. "చక్రంలో ఏదో వదులుగా దొర్లుతోందమ్మా. మెల్లగా తిరిగితే పైదాకా ఎక్కి దబ్బున పడుతుంది. జోరుగా తిరిగితే అంచుకు అంటుకుపోతుంది. నీళ్ళ బకెట్టు గిరగిరా తిప్పితే నీళ్ళు కారవు చూడు, అలాగ. నీ బ్రేకులు బంగారం. నేను మూడు నెలలుగా వాటికి జోల పాడుతున్నాను!"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బ్రేకులు బాగున్నాయి! ఉద్యోగం నాదే, షారుల్య నాదే! అక్కడే చక్రం విప్పేద్దామన్నాను. జాకీ కొట్టంలో ఉంది, వాన జోరందుకుంది. "రేపు పొద్దున్నే తీసుకురా, దాని గుట్టు బయట పెడదాం" అన్నాడు.

మిలాదిన్, ఇక్కడి నుంచి కలం కదలడం లేదు. ఇప్పటిదాకా పరిగెత్తుకుంటూ రాశాను. ఇది దాచేద్దామనే అనుకున్నాను. అత్తయ్య నీకు ఎప్పటికీ చెప్పదు, ఆ సంగతి నాకు తెలుసు. అందుకే నేనే చెప్పాలి.

శనివారం పొద్దున ఆరింటికి కారు తీయడానికి వాకిట్లోకి వచ్చాను. అత్తయ్య కుడి వైపు ముందు చక్రం దగ్గర, ఆ పాడు మోకాలి మీదే, బురదలో కూర్చుని ఉంది. చేతిలో మన పెద్ద చెంచా. చెంచా కాడను చక్రం మూత అంచులోకి దూర్చి పెకలిస్తోంది.

చప్పుడు వచ్చేది ఆ చక్రంలో. కొండ దిగేటప్పుడు అది లోయ వైపు చక్రం. ఈ కారు కొన్న రోజు నుంచి "ఆడది ఈ రోడ్డు మీద కారు నడపడం ఏమిటి" అని సణిగిన మనిషి ఆవిడ. ఎన్నడూ అందులో ఎక్కలేదు. నా బుర్రలో అన్నీ టకటకా కలిసిపోయాయి.

"అత్తయ్యా! మీరేనా? నన్ను కూడా మామయ్యలాగా లోయలో పడేద్దామనా? ఈ కారు ఆపడానికి ఇంత పని చేస్తారా?"

అన్నాను. నీ తల్లిని అన్నాను, మామయ్య పేరు తీసి మరీ అన్నాను. నువ్వు ఏ శిక్ష వేసినా తల వంచుతాను.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. చేతిలో చెంచాను ఒక్క తిప్పు తిప్పింది. మూత ఊడి వచ్చింది. అందులోంచి చిన్నది ఏదో జారి, వాకిట్లో రాయి మీద పడింది. టింగ్.

అదే చప్పుడు.

పాత రాజు కాలం నాణెం, మిలాదిన్! అత్తయ్య ప్రతి ఏడూ క్రిస్మస్ రొట్టెలో పెట్టే నాణేలున్నాయే, ఏ ఏటిది ఆ ఏడు కాగితంలో చుట్టి డబ్బాలో దాస్తుంది చూడు, వాటిలోది. ఆవిడ రెండో గుప్పిట్లో ఇంకొకటి ఉంది.

"అది నువ్వు ఈ ఇంటికొచ్చిన ఏటిది" అంది రాయి మీది నాణేన్ని చూస్తూ. "ఆ ఏడు నీకే దొరికింది. దాచమని నాకిచ్చావు."

"చక్రంలో ఎందుకు పెట్టారు అత్తయ్యా?"

"ఇంకెక్కడ పెట్టను? లోయ వైపు తిరిగేది ఈ చక్రమే." చెంచాకు అంటిన బురద తుడిచింది. "ముందు ఈ ఏటిది పెట్టా. రొట్టెలో నాకే వచ్చింది. ముసలిదాన్ని, నాకెందుకు అదృష్టం? మీరంతా వెతుకుతుంటే బుగ్గలో పెట్టుకుని కూర్చున్నా. చెబితే పనిచెయ్యదు. ఆ స్రేతెన్‌గాడు మూత తీశాక చూస్తే లేదు. నెవెన్క పుట్టిన ఏటిది పెట్టా. అదీ పారేశాడు. ఆనక నీది. ఉత్త ఏళ్ళవి పనికిరావు, మంచి ఏళ్ళవే పెట్టాలి. నిన్న చక్రం మీద సుద్ద కనపడింది. మళ్ళీ విప్పారనుకున్నా."

"మరి చేతిలోది?"

గుప్పిట విప్పింది. "మిలాదిన్ పుట్టిన ఏటిది. దీన్ని ఆఖరికి ఉంచుకున్నా."

తనే మళ్ళీ అంది. "క్షేమంగా తిరిగి రావాలని వెనకాల నీళ్ళు పోస్తాం కదా, మీ మామయ్య వెళ్ళిన ఆ రోజు పొయ్యలేదు నేను. పిండి చేతులతో ఉన్నా, తర్వాతలే అనుకున్నా."

బురదలో ఆవిడ ముందు కూలబడి చేతులు పట్టుకున్నాను, ముద్దు పెట్టుకున్నాను, నన్ను క్షమించండి క్షమించండి అని ఎన్నిసార్లు అన్నానో.

"సరేలే" అంది. "నువ్వు కూడా కూర్చుంటే నన్ను లేపేదెవరే? మోకాలు పట్టేసింది."

కొట్టానికి వెళ్ళి నాణెం చూపించగానే స్రేతెన్ మొహం కందగడ్డ అయింది. లోపలికి వెళ్ళి, తన ఇంటి సెయింటు పటం వెనక నుంచి రెండు నాణేలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రంపపుపొట్టు ఊడుస్తుంటే దొరికాయట! వాళ్ళ నాన్న ఎప్పుడో దూలంలో నిధి దాచి ఉంటాడనీ, ఎలుకలు ఒక్కొక్కటే దొర్లిస్తున్నాయనీ అనుకున్నాడట. నెల రోజులుగా పెళ్ళానికి కూడా చెప్పకుండా కొట్టం కప్పు సగం విప్పేశాడు. "చెద పట్టిందన్నావు కదయ్యా!" అని మిలుంక నవ్వీ నవ్వీ పొయ్యి పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత స్రేతెన్ నాలుగు చక్రాలూ విప్పి, బ్రేకులన్నీ పరీక్షించి, "మిలాదిన్‌కు నా మాటగా రాయి, ఈ బ్రేకులకు నాది పూచీ" అన్నాడు. రాశాను.

ఆదివారం అత్తయ్య మొదటిసారి షారుల్యలో ఎక్కింది. ఎక్కే ముందు చెంబుతో నీళ్ళు తనే చక్రాల దగ్గర పోసింది, తర్వాత నల్ల రుమాలు సర్దుకుని మహారాణిలా కూర్చుంది. ఆరో మలుపులో నేను శిలువ గుర్తు వేసుకోబోతే చెయ్యి పట్టుకుని స్టీరింగు మీద పెట్టి, ఇద్దరి తరఫునా తనే వేసుకుంది. తొమ్మిది మలుపులూ దిగాం, కింద ఇవాన్యిత్స పట్నంలో నిమ్మరసం తాగాం, తిరిగి ఎక్కాం. ఎక్కడా ఒక్క టింగు లేదు. నా ఆనందం ఇంతా అంతా కాదు, దారి పొడుగునా పాడాను. ఆవిడ మాత్రం పలకలేదు. అలిసిపోయిందనుకున్నాను.

ఉత్తరం ఇక్కడితో ముగించి ఇవాళ పోస్టులో వేద్దామనుకున్నాను. కానీ ఇవాళ సాయంత్రం ఇంకొకటి జరిగింది.

అవతలి ఊళ్ళో కవలలు పుట్టారు, అక్కడ ఆలస్యమైంది. ఆరింటికి ఆఖరి ఎత్తు ఎక్కుతుంటే రోడ్డు పక్కన వానలో ఎవరో నిలబడి ఉన్నారు. అత్తయ్య. రుమాలు లేదు, కర్ర పట్టుకుని, నిలువునా తడిసిపోయి ఉంది. కారు ఆపి దూకాను.

"ఇంట్లో ఎవరికేమైంది? నెవెన్కకా?"

"ఎవరికీ ఏం కాలేదు."

"మరి ఇక్కడేం చేస్తున్నారు?"

"చప్పుడు లేదుగా" అంది. "ఎక్కడున్నావో తెలియలా. నాలుగింటి నుంచి ఇక్కడే ఉన్నా."

ఇంటికి తెచ్చి, బట్టలు మార్చి, సారాయితో కాళ్ళు రుద్దాను. పొయ్యి మీద చారు చల్లగా ఉంది. జనవరి నుంచి మొదటిసారి. ఆ చల్లటి గిన్నె మీద చెయ్యి పెట్టినప్పుడు నాకు అర్థమైంది మిలాదిన్. మూడు నెలలుగా నన్ను హడలగొట్టిన చప్పుడు విని ఆవిడ ఊపిరి పీల్చుకునేది. ఆఖరి మలుపు దాటాను, బతికే ఉన్నాను, ఇంటికొస్తున్నాను అని దాని అర్థం. మామయ్య కోసం ఎదురుచూసిన రోజు ఆవిడకు ఏ చప్పుడూ రాలేదు.

నెవెన్క తన మెడలో గంట తీసి, "కారుకు ఇది కడదాం నానమ్మా" అంది. "గంటలు ఊళ్ళో అందరి పిల్లల దగ్గరా ఉన్నాయమ్మా" అంది అత్తయ్య, మళ్ళీ దాని మెడలోనే కట్టింది.

నేను చెంచా తీసుకుని వాకిట్లోకి వెళ్ళాను. ముందు చక్రంలో ఇక నాణెం పెట్టనివ్వద్దని స్రేతెన్ శనివారమే చెప్పాడు, రేపు నిజంగా బ్రేకు అరిస్తే ఆ గోలలో వినపడదని. అందుకని లోయ వైపు వెనక చక్రం మూత పెకలించాను. అబ్బో, ఎంత బిగువు! ఆ మోకాలితో ఆవిడ ఇన్నిసార్లు ఎలా తీసిందో. చెంచా ఇంకాస్త వంగింది. ఈ ఏటి నాణెం లోపల వేసి, మూత గుద్ది పెట్టాను. ఎత్తు కిందికి పోనిచ్చి, మళ్ళీ మెల్లగా ఎక్కించాను. కిటికీలో అత్తయ్య తల కనపడింది. నేను వాకిట్లోకి వచ్చేసరికి గిన్నె కింద మంట వెలుగుతోంది.

కాబట్టి జుర్జెవ్ పండగకు నీకు నా జవాబు ఇది: చప్పుడు పోయింది, మళ్ళీ వచ్చింది, ఈసారి పెట్టింది నేను. కారు అమ్మను. ఇక ఎవరూ దాన్ని బాగుచేయకూడదు, నువ్వు కూడా. మిగతా మూడు నాణేలూ డబ్బాలోకి వెళ్ళాయి. నీ ఏటిది అత్తయ్య అన్నిటికంటే అడుగున పెట్టింది.

ఆగస్టులో నువ్వు సెలవు మీద వచ్చినప్పుడు స్టేషను నుంచి నేనే తీసుకొస్తాను. మలుపులకు భయపడితే కళ్ళు మూసుకో, పంతులుగారిలా మధ్యలో దిగిపోకు. ఆఖరి ఎత్తు దగ్గర మాత్రం అద్దం దించు. మనం వస్తున్నామని మీ అమ్మకు ఎలా తెలుస్తుందో నీ చెవులతో నువ్వే విను. మనం దిగేసరికి చారు వేడిగా ఉంటుంది.

ఇట్లు,
టింగు టింగుమంటూ ఇల్లు చేరే నీ ఇల్లాలు,
దోబ్రిల.